బుధవారం నాటి సంతకం

దేశాధ్యక్షుడు పోయిన మర్నాటికల్లా కొత్త అధ్యక్షుడు వచ్చాడు. అదే వారంలో పోయిన మా కఫీల్ ఇంట్లో ఇనుప బీరువా తాళం ఎవరి దగ్గరుండాలో తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఒక మనిషికి ఎడమ కన్ను పోయింది. నా 2022 డైరీలో ఆ రెండు చావులూ, ఈ కన్నూ దగ్గర దగ్గర పేజీల్లోనే ఉన్నాయి. ఆ పేజీలు తీసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. పెద్దవాడివయ్యావు, ఇంకా ఎందుకంత కోపం అని మా బామ్మర్ది అంటాడు. పెద్దవాణ్ణయ్యాను కనుకనే. ఇకమీదట దిద్దుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అబుదాబీ శివారు బనియాస్‌లో ఒక చిన్న మెయింటెనెన్స్ కంపెనీలో నేను ఇరవయ్యారేళ్లు ఆఫీసు పని చూశాను. ఏసీలు, నీటి పంపులు, కరెంటు రిపేర్లు చేసే కంపెనీ. పనివాళ్ల వీసాలు, ఐడీ కార్డులు, ఇన్సూరెన్స్, సెలవు కాగితాలు నా బాధ్యత. కాలేజీ రోజుల నుంచి డైరీ రాస్తున్నాను, రోజుకో పేజీ. పైన ఎండ ఎంతుందో, తర్వాత ఆఫీసులో ఏం జరిగిందో, చివర ఎవరెవరు ఫోన్ చేశారో. ఈ అలవాటు చూసి అందరూ నన్ను పద్ధతైన మనిషన్నారు. నేనూ అదే అనుకున్నాను.

కఫీల్ అంటే ఇక్కడ మన వీసాకు పూచీ ఉండే స్థానికుడు. మా కంపెనీ లైసెన్సు మొత్తం ఆయన ఒక్కడి పేరు మీదే ఉండేది. పోలీసు శాఖలో చేసి రిటైరైన పెద్దాయన. పనివాళ్లు బాబా అని పిలిచేవాళ్లు. మంచివాడు. పండగకు మేకపోతును కోయించి, ఆ మాంసం, అన్నంతో నింపిన పెద్ద పళ్లేన్ని తానే కారులో పెట్టుకుని పనివాళ్లుండే క్యాంపుకు తెచ్చేవాడు. కానీ కంపెనీ నుంచి ఏ కాగితం బయటికి వెళ్లాలన్నా దాని మీద ఆయన సంతకమే ఉండాలి. ఇంకెవరిదీ చెల్లదు. ఆయనేమో ఏటా వేసవిలో మోకాళ్ల వైద్యానికని జర్మనీ వెళ్లి రెండు నెలలు అక్కడే ఉండేవాడు.

దానికి మేమొక ఉపాయం చేసుకున్నాం. ఆయన విమానం ఎక్కబోయే ముందు నేను కంపెనీ లెటర్‌హెడ్ కాగితాలు ఖాళీవి పట్టుకుని ఆయన మజ్లిస్‌కు, అంటే విల్లాలో అతిథులు కూర్చునే ముందు గదికి, వెళ్లేవాణ్ణి. ఆయన తివాచీ మీద దిండుకు ఆనుకుని, ఖహ్వా కాఫీ తాగుతూ, ఒక్కో కాగితం అడుగున సంతకం పెట్టేవాడు. నేను పక్కన ముద్ర వేసుకునేవాణ్ణి. ప్రతి కాగితం వెనక పెన్సిలుతో నంబరు వేసేవాణ్ణి. ఏ నంబరు కాగితం మీద ఏ ఉత్తరం టైపు చేశానో ఆ రోజు డైరీలో ఎక్కేది. వేసవి గడిచి ఆయన తిరిగి వచ్చాక మిగిలినవి చూపించి, ఆయన ముందే చింపేసేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్క కాగితం కూడా దారి తప్పలేదు.

ఒకే ఒక్కసారి, చాలా ఏళ్ల కిందట, అడిగాను.

"బాబా, అబ్బాయిలిద్దరిలో ఎవరో ఒకరికి సంతకం అధికారం ఇస్తూ వకాలత్ రాయించండి. ఒక్క పూట పని."

ఆయన కడుపుబ్బ నవ్వాడు. "నేనెప్పుడు పోతానా అని చూస్తున్నావా? ఒకడి పేరు రాస్తే ఇంకొకడు నా ఇంట్లో అన్నం తినడు. నువ్వున్నావు, నీ ఫైలుంది. ఖలాస్."

నువ్వున్నావు అన్నందుకు నేను పొంగిపోయాను. ఆ మాట డైరీలో కూడా రాసుకున్నాను. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆ మాట అన్నప్పుడు ఆయన తల వెనక గోడ మీద మూడు ఫోటోలున్నాయి. దేశాన్ని నిలబెట్టిన పెద్దాయన ఒకరు, అప్పటి అధ్యక్షుడు ఒకరు, ఆయన తర్వాత రావలసినవారు ఒకరు. ఇక్కడ టైపింగ్ సెంటర్లో, మంగలి షాపులో, బ్యాంకులో, ఎక్కడికి వెళ్లినా ఆ మూడు ఫోటోలూ ఉండేవి. తర్వాత ఎవరన్నది ఈ దేశంలో రహస్యం కాదు. గోడకు తగిలించి ఉంటుంది. ఆ గోడ కింద కూర్చునే ఆయన నవ్వాడు, దాన్ని చూస్తూనే నేనూ నవ్వాను.

2022 మే నెలలో ఆయన ప్రయాణం కాస్త ముందుకు జరిగింది. బుధవారం సాయంత్రం వెళ్లి పన్నెండు కాగితాల మీద సంతకాలు తెచ్చుకున్నాను. ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు వేసి ఫైల్లో పెట్టాను. మా ఏసీ మెకానిక్ ఒకాయన వీసా ఆ శనివారంతో అయిపోతోంది. జగిత్యాల వైపు మనిషి, మా దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. మెడికల్ టెస్టు రిపోర్టు గురువారం వచ్చింది. సోమవారం రెన్యువల్ పెడదాం, గడువు దాటినా కొన్ని రోజులు గ్రేస్ ఉంటుంది కదా అని తీరిగ్గా ఉన్నాను. డైరీలో 'సోమవారం: రెన్యువల్, కాగితం నం. 1' అని రాసి కింద గీత గీశాను.

శుక్రవారం మధ్యాహ్నం అధ్యక్షుడు పోయారన్న వార్త వచ్చింది. టీవీలో మామూలు కార్యక్రమాలన్నీ ఆగిపోయి ఖురాన్ పఠనం మొదలైంది. మర్నాటి నుంచి మూడు రోజులు ప్రభుత్వానివీ ప్రైవేటువీ అన్ని ఆఫీసులూ బంద్, నలభై రోజులు జెండా సగానికి. సాయంత్రానికి నర్సాపురం నుంచి బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, రాజుగారు పోయారంట కదా! గొడవలేమైనా అవుతున్నాయా? మిలిటరీ దిగిందా?"

"మిలిటరీ లేదు, ఏం లేదు. ఇందాకే కొత్తిమీర కట్ట కొనుక్కొచ్చాను."

"అదేంటి బావా, మన దగ్గర పంచాయతీ ప్రెసిడెంటు పోయినా వారం రోజులు కొట్టుకు చస్తారు. అక్కడ కుర్చీ కోసం ఎవరూ తన్నుకోవట్లేదా?"

"ఎవరు కూర్చోవాలో ముందే తెలుసురా."

శనివారం మధ్యాహ్నానికి అదీ అయిపోయింది. ఏడు ఎమిరేట్ల పాలకులు సమావేశమై కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారని టీవీలో చెప్పారు. కొన్నేళ్లుగా పనులన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తున్నాయి కనుక ఎవరికీ ఆశ్చర్యం లేదు. నా కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద కార్లు ఎప్పటిలాగే ఎర్ర దీపం దగ్గర ఆగుతున్నాయి, పచ్చ దీపానికి కదులుతున్నాయి. ఆ రోజు పేజీలో నేను రాసుకున్న వాక్యం ఇది: 'ఇంత పెద్ద మార్పు, కప్పులో టీ కూడా తొణకలేదు. పద్ధతి అంటే ఇది.' ఆ వాక్యం మీద ఇప్పటికీ నాకు విభేదం లేదు. అది రాసిన చేతి మీదే కోపం.

ఆదివారం మధ్యాహ్నం నమాజు వేళకు, జర్మనీ విమానం ఎక్కకుండానే, మా బాబా పోయాడు. గుండె ఆగింది. సాయంత్రానికే ఖననం కూడా అయింది. ఊరంతా ఒక పెద్ద మరణాన్ని మోస్తున్నప్పుడు ఈయన మరణం ఎవరికీ తెలియలేదు.

సోమవారం పొద్దు వాలుతుండగా ఏసీ మెకానిక్ మా ఫ్లాట్ తలుపు కొట్టాడు. నా భార్య ఇక్కడొక ఆసుపత్రిలో నర్సుల మీద ఇన్‌ఛార్జి. క్యాంపులో ఎవరికి ఏమొచ్చినా ముందు ఆవిడ దగ్గరికే వస్తారు.

"సిస్టరమ్మా, ఎడమ కంట్ల దుమ్ము పడ్డట్టుంది. గులాబీ నీళ్లు పోసిన, పోతలేదు. మూలకెళ్లి నల్ల పర్ద దిగుతున్నట్టు అవుతుంది."

"పరదా కంటే ముందు మెరుపులేమైనా కనిపించాయా?"

"రెండు దినాల సంది మెరుస్తనే ఉంది. పక్కన ఎవ్వడో వెల్డింగు చేస్తున్నట్టు."

ఆవిడ మొహం మారిపోయింది. చెప్పులు వేసుకుని, అతన్ని టాక్సీ ఎక్కించుకుని నేరుగా తన ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లిపోయింది. తిరిగొచ్చాక వంటింట్లో నిలబడే చెప్పింది. "కంటి లోపలి తెర ఊడిపోతోందండి. చూపుకి ముఖ్యమైన నడిమి భాగం ఇంకా అతుక్కునే ఉంది. అది ఊడకముందే ఆపరేషన్ చేస్తే కన్ను నిలుస్తుంది. రోజుల్లోనే చేయాలి. ఊడిపోయాక ఎవరు చేసినా పెద్దగా ఉపయోగం లేదు. రేపు ఆఫీసులు తెరవగానే ఆయన వీసా కట్టేయండి. ఐడీ చెల్లడం లేదని కంప్యూటర్ చూపిస్తోంది. ఇన్సూరెన్స్ ఆగిపోయింది. ప్రాణానికి ప్రమాదం లేదు కనుక ఐడీ లేకుండా థియేటర్లోకి తీసుకోరు."

"ఎవరైనా డబ్బు కట్టినా?"

"డబ్బు సంగతి కాదండీ. మనిషి కాగితాలు బతికుండాలి."

ఇండియా పంపేద్దామంటే పాస్‌పోర్టు లేదు. మా కంపెనీ పాస్‌పోర్టులన్నీ బాబా మజ్లిస్‌లో ఇనుప బీరువాలో ఉండేవి. అలా పెట్టుకోకూడదని ఈ దేశపు చట్టమే చెబుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. అక్కడుంటే భద్రమని పనివాళ్లకు సర్దిచెప్పిందీ నేనే.

మంగళవారం ఆఫీసు తెరిచాం. ముదీర్, అంటే మా మేనేజరు, హైదరాబాద్ మనిషి, నాకంటే ముందే వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు.

"అరె సారూ, బాబా పోయినట్టు ఇంకా గవర్నమెంటు సిస్టంల ఎక్కలే. ఎక్కితే లైసెన్సు లాక్ అయితది. కోర్టుల వారసులు తేలేదాక ఏ పనీ నడవదు. ఇయ్యాల, రేపు మన చేతిల ఉన్నయ్. ఫైలు తీయండి. ఆ కన్ను ఆయన కాగితం కొట్టేయండి."

"చనిపోయిన మనిషి సంతకం అది."

"బాబా సంతకం పెట్టింది బుధవారం. బుధవారం నాడు బతికే ఉన్నడు. కాగితం అబద్ధం ఏడ చెప్తుంది?"

"తేదీ ఏమని వేయాలి?"

"బుధవారమనే."

"నేను టైపు చేసేది మంగళవారం కదా."

"అయితే మీ డైరీల మంగళవారమని రాసుకోండి సారూ, ఎవరొద్దన్నరు? కాగితం మీద మాత్రం బుధవారమేయండి."

పక్క బల్ల దగ్గరున్న డ్రైవరు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు నాకు తగిలింది. ఫైలు సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆయన కొడుకులిద్దరినీ అడుగుతాను, సక్రమంగా జరిపిద్దాం అన్నాను. ఆ రోజు డైరీలో 'ముదీర్ తప్పుడు తేదీ వేయమన్నాడు. నిరాకరించాను. ఇది సరైనది' అని రాశాను. అక్షరాలు గుండ్రంగా, పొందిగ్గా ఉన్నాయి. కన్ను పోతున్న మనిషి గురించి రాసిన పేజీలో చేతిరాత అంత కుదురుగా ఎలా వచ్చిందో!

అప్పటికి విల్లాలో పరామర్శలు నడుస్తున్నాయి. మగవాళ్లు వరసగా వచ్చి, కొడుకుల భుజాలు తాకి, ఖహ్వా తాగి వెళుతున్నారు. మాటలన్నీ కొత్త అధ్యక్షుడి గురించే. ఎంత ప్రశాంతంగా జరిగిపోయింది, దేవుడి దయ అంటున్నారు. పెద్దకొడుకు పక్కన కూర్చుని, మెల్లగా విషయం చెప్పాను. ఆయన ప్రభుత్వోద్యోగి, మర్యాదస్తుడు.

"మా నాన్న మీద పోసిన మట్టి ఇంకా ఆరలేదు. నువ్వు కాగితాలు పట్టుకొచ్చావా?"

"ఒక మనిషి కన్ను పోతుంది సర్. పాస్‌పోర్టు ఒక్కటి ఇప్పించినా ఊరు పంపిస్తాను."

"బీరువాలో కంపెనీ కాగితాలున్నాయి. నేనొక్కణ్ణే తెరిస్తే రేపు తమ్ముడు ఏమంటాడో నీకు తెలీదు. కోర్టు కాగితం రానీ. బాదేన్."

బాదేన్ అంటే తర్వాత. తమ్ముడు గదికి ఆ చివర, మూడు ఫోటోల కింద కూర్చుని ఉన్నాడు. అతని దగ్గరికి వెళ్లాను.

"అన్న తెరవమంటే తెరుస్తా. కానీ తాళం ఆయన దగ్గరెందుకుందో ముందు ఆయన్ని అడుగు."

ఆ గదిలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నేను మూడుసార్లు తిరిగాను. అన్నదమ్ముల మధ్య ఆరేడు గజాల తివాచీ. ఒక్కసారి కూడా వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏడుగురు పాలకులు ఒక్క రోజులో తేల్చిన పని ఇద్దరు అన్నదమ్ములకు చేతకాలేదు. బుధవారం మళ్లీ వెళ్లాను. గురువారం మళ్లీ. ప్రతిసారీ ఖహ్వా ఇచ్చారు. ప్రతిసారీ తాగాను.

మెకానిక్ మాత్రం క్యాంపులో ధైర్యంగానే ఉన్నాడు. బుధవారం ఫోన్ చేసి నన్నే ఓదార్చాడు.

"సారూ, మీరు టెన్షన్ పడకుండ్రి. కొత్త రాజు గద్దెనెక్కిండు కద, అందరికి మాఫీ ఇస్తడంట. వీసా లేనోళ్లకు సుత ఖలాస్ చేసి పంపుతరంట. క్యాంపుల అందరు అదే అంటుండ్రు."

"అలాంటిదేమీ ప్రకటించలేదయ్యా."

"ఇస్తడు సారూ. కొత్తగ వచ్చినోళ్లు ఏదో ఒకటి ఇయ్యకపోతె ఎట్ల?"

గురువారం సాయంత్రం అతనే వచ్చాడు. ఎడమ అరచేత్తో కుడి కన్ను మూసుకుని మా హాల్లో నిలబడి, నా భార్య ఉన్న దిక్కు వెతుక్కున్నాడు. "సిస్టరమ్మా, మీ మొహం సగం దాక కనవడుతుంది. మిగిలిందంత నలుపు." ఆవిడ అతన్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నన్ను వంటింట్లోకి పిలిచింది. గొంతు తగ్గించలేదు.

"ఏవండీ, ఇంకా ఆ కాగితం వాడలేదా?"

"అది తప్పుడు పత్రం అవుతుంది."

"ఇరవయ్యారేళ్లు ఖాళీ కాగితాల మీద సంతకాలు పట్టుకొచ్చినప్పుడు తప్పు కాలేదా? జర్మనీలో మంచం మీదున్న మనిషి బనియాస్‌లో కూర్చుని ఉత్తరం రాసినట్టు ఎన్నిసార్లు తేదీలేశారు మీరు? అప్పుడు లేని నీతి ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడిందండీ? మీ డైరీ మాసిపోకూడదని ఆ మనిషి కన్ను పోగొడతారా?"

ఆవిడ అన్నదాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. ఆయన ఊళ్లో లేని రోజుల తేదీలతో వందల ఉత్తరాలు టైపు చేశాను. అది మా పద్ధతి అనుకున్నాను. బతికున్న మనిషి లేనప్పుడు వాడితే పద్ధతి, పోయిన మనిషిది వాడితే మోసం అని నాకు నేనే ఒక గీత గీసుకుని, ఆ గీతకు కాపలా కాశాను.

శుక్రవారం ఆఫీసులు మధ్యాహ్నం దాకే. ఎనిమిదింటికే సొరుగు తాళం తీసి ఫైలు తెరిచాను. పన్నెండు ఉండాల్సిన చోట ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా లేవు. ఆ సొరుగుకు ఇంకో తాళంచెవి ముదీర్ దగ్గర ఉంటుంది.

ముదీర్ టీ తాగుతున్నాడు. మొహమాటం కూడా పడలేదు. "నాదీ, మా ఇంటామెదీ, మా బామ్మర్దిదీ, డ్రైవర్‌దీ. మంగళవారమే కొట్టేసినం. రెండేళ్లకు ఖలాస్."

"నాకు చెప్పకుండానా?"

"చెప్తే వద్దంటరు కద సారూ. మీరు వద్దన్నది ఆయన కాగితానికి. మాది మేం చేసుకున్నం."

"మరి ఆయనది కూడా నువ్వే చేసేయొచ్చు కదయ్యా!"

"ఆయన ఫైలు మీ దగ్గరుంది. మీరు బాబా కొడుకుల దగ్గరికి పోతున్నరు. పెద్దోళ్ల మాటకు అడ్డం రావొద్దనుకున్న."

ఒకటో నంబరు కాగితం చేతపట్టుకుని, వీసా దరఖాస్తులు ఎక్కించే టైపింగ్ సెంటర్‌కు దాదాపు పరుగెత్తాను. బుధవారం తేదీ వేయించాను. ఎంత తేలికో! ఒక్క నిమిషం పని. కౌంటర్లో అమ్మాయి కంపెనీ నంబరు కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పింది. ఎర్రగా ఒక గీత. యజమాని మరణం నిన్న సాయంత్రం నమోదైందట. లైసెన్సు ఆగిపోయింది. ఆమె తల వెనక గోడ మీద ఫోటోలు ఎప్పటిలాగే ఉన్నాయి. పోయిన వారి స్థానంలోకి రావలసినవారు వచ్చేశారు. అక్కడ కొత్తగా మేకు కూడా కొట్టనక్కర్లేదు.

ఆ తర్వాతి రెండు వారాలూ నేను డైరీలో సరిగా రాయలేదు. మెకానిక్ ఒక్కడే వెళ్లి ఆ విల్లా గేటు ముందు, ఎండలో, రోజూ కూర్చున్నాడు. చివరికి వాళ్ల అమ్మగారు, ఆ పెద్దావిడ, తెర వెనక నుంచి కొడుకులిద్దరినీ కేకలేసి బీరువా తెరిపించారట. బీరువా తెరిస్తే ఆకాశమేమీ విరిగి పడలేదు. అతని పాస్‌పోర్టు పైనే ఉందట. ఇండియా చేరాక హైదరాబాద్‌లో డాక్టరు చూసి, రెండు వారాల ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్లం అన్నాడు. ఆపరేషన్ చేశారు. చూపు రాలేదు.

నేను మిగిలిన కాగితాలు చింపేసి, ఆ డిసెంబరులో ఉద్యోగం మానేశాను. ఇప్పుడు నా భార్య వీసా మీద ఉంటున్నాను. ఆవిడ రిటైరయ్యేదాకా ఈ ఊళ్లోనే. పద్నాలుగు నెలలకు కోర్టు తీర్పిచ్చి కంపెనీ చిన్నకొడుకు చేతికొచ్చాక నన్ను పిలిపించాడు. అదే మజ్లిస్, అదే తివాచీ.

"నీకు అన్నీ తెలుసు. మళ్లీ వచ్చేయ్. నేను ఆగస్టులో లండన్ వెళుతున్నా. కాగితాలు తెచ్చావా, సంతకాలు పెడతాను?"

నాకు ఒక్కసారిగా కోపం నెత్తికెక్కింది. ఈ ఇంట్లో ఎప్పుడూ గొంతెత్తనివాణ్ణి, ఎత్తాను.

"కాగితాలు కాదు, ముందు వకాలత్ రాయించండి. మీరు లేనప్పుడు సంతకం ఎవరిదో పేరు పెట్టి రాయించండి. మీ తల వెనక గోడ చూడండి. దేశం మొత్తానికే తర్వాత ఎవరో ముందే చెప్పి పెట్టుకున్నారు, ఈ చిన్న కంపెనీకి చెప్పలేరా?"

అతను గోడ వైపు చూసి, నా వైపు చూసి నవ్వాడు. అచ్చం వాళ్ల నాన్న నవ్వే. "అప్పుడే నన్ను పంపించేస్తున్నావా?" అన్నాడు. ఖహ్వా వచ్చింది. తాగకుండా లేచి వచ్చేశాను.

నాకు వాళ్ల మీద కోపం ఉంది. ముదీర్ మీద ఉంది. కానీ తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఆ ఇంట్లో వారసుడి పేరు రాయించక్కర్లేకుండా చేసింది నా ఫైలే. ఏటా పెన్సిలుతో నంబర్లు వేసిన నా కాగితాలు లేకపోతే, మొదటి వేసవికే పని ఆగిపోయి, ఆయన చచ్చినట్టు ఎవరికో ఒకరికి అధికారం రాసిచ్చేవాడు. ఆయన బద్ధకానికి నేను పద్ధతి అని పేరు పెట్టాను. అలా ఏళ్ల తరబడి వాడిన ఆ కాగితాలనే, ఒక మనిషికి నిజంగా అక్కరకొచ్చిన రోజున, తప్పు చేయనంటూ గుండెకు హత్తుకుని కూర్చున్నాను.

మొన్న మెకానిక్ ఫోన్ చేశాడు. ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఒంటి కన్నుతో నిచ్చెనలెక్కి ఏసీలు బిగించడం కుదరదు కదా.

"సారూ, మీ డైరీలు ఉన్నయా?"

"ఉన్నాయి."

"ఊళ్లె నా వెనక ఒక మాట నడుస్తుంది సారూ. దుబాయ్‌ల తాగి పడి కన్ను పోగొట్టుకొచ్చిండంటుండ్రు. ఎంత చెప్పినా నమ్ముతలేరు. మా పిల్లకు బడిల సుత అంటుండ్రట. ఏ దినం ఏమైందో మీరు రాసుకున్నరు గద. ఒక్క కాగితం రాసి పంపుండ్రి, మీ సంతకం పెట్టి. చదివి వినిపిస్త."

ఆ రోజే కూర్చుని రాశాను. తేదీలు వేశాను, డైరీలో ఉన్నట్టే. సోమవారం పరదా, మంగళవారం ఆఫీసు, బుధవారం అతని ఫోన్, గురువారం సగం మొహం, శుక్రవారం ఎర్ర గీత. నా పేరు, నా పాత ఉద్యోగం, కింద నా సంతకం. పోస్టు చేసే ముందు నా భార్యకు చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, వేలు వరస వెంట జరుపుతూ చదివి, మంగళవారం దగ్గర ఆగింది.

"'అప్పటి పరిస్థితుల వల్ల సంతకం చేసిన కాగితం వాడటం సాధ్యపడలేదు.' ఇదేంటండీ?"

"అదే కదా జరిగింది."

"సాధ్యపడకపోవడం ఏంటి? ఆ నలుగురికీ అదే రోజు సాధ్యపడింది కదా. మీరు వాడనన్నారు. అది రాయండి."

కాగితం నా చేతికిచ్చేసి, డ్యూటీకి టైమవుతోందని యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్లిపోయింది. నేను కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదటి నుంచి రాశాను.